ఉసిరివలసకు నీళ్ళు దిగిన దారి

నేను విశాఖపట్నం పోర్టు వర్కుషాపులో ఫిట్టరుగా పనిచేస్తున్న రోజులవి. ఊరికి దక్షిణాన ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి జోరుగా సాగుతోంది. గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నాబోటివాళ్ళతో అద్దె గదులన్నీ నిండిపోయాయి. నాది భీమవరం దగ్గర ఒక పల్లె. కాలువ గట్టున పుట్టి పెరిగినవాణ్ణి. నీళ్ళ గురించి ప్రత్యేకంగా ఆలోచించాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు.

మా సెక్షనులో సింహాచలం అనే ఖలాసీ ఉండేవాడు. శృంగవరపుకోట అవతల, కొండ కింద ఉసిరివలస అతని ఊరు. ఆ ఏడు శ్రావణంలో చెల్లెలి కూతురికి బాగాలేదని కబురొస్తే వెళ్ళి, పది రోజులు రాలేదు. ఆరేళ్ళ పిల్ల. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే డోలీ కట్టి ఆస్పత్రికి మోసుకెళ్ళారట. సగం దారిలోనే అయిపోయిందట. దీపావళికి మళ్ళీ ఊరెళ్ళి వచ్చాక, ఒక మధ్యాహ్నం క్యారేజీ ముందు పెట్టుకుని నాతో అన్నాడు.

"ఊరంతా గెడ్డ నీల్లే తాగతన్నారు బావ. గవర్నమెంటోలు బోరేసి పంపెట్టినారు గాని, అది మూలనడిపోనాది. అందుకే మా పాప పోనాది. నువ్వోపాలి వొత్తే బాగైపోద్ది."

గెడ్డ అంటే అక్కడి మాటలో వాగు. నాకూ అతనికీ ఏ చుట్టరికమూ లేదు. అక్కడ మగవాళ్ళు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. కానీ ఆ రోజు ఆ పిలుపు నన్ను కట్టిపడేసింది. ఓడల మీద సరుకు దించే క్రేన్లను బాగుచేసేవాణ్ణి, నాకు చేతిపంపు ఒక లెక్కా అని కూడా అనుకున్నాను. మూడు రోజులు సెలవు పెట్టాను.

కార్తీక మాసంలో ఒక శుక్రవారం ఉదయం ఆరున్నరకల్లా స్టేషనులో ఉన్నాం. రెండు పైపు రెంచీలు, గిలక, తాళ్ళు, గొట్టాల కొసలకు మర దారాలు కోసే డై, తోలుతో నేనే కత్తిరించుకున్న వాషర్లు, అన్నీ రెండు గోనెసంచుల్లో సర్దాం. కిరండల్ పాసింజరు ఏడింటికి కదిలింది. కొండలు చూడ్డానికి పోయేవాళ్ళు కిటికీల దగ్గర చేరారు. మాకు తలుపు పక్కన చోటు దొరికింది.

కొత్తవలసలో ఒక ఎండుచేపల బుట్టతో పెద్దావిడ ఎక్కింది. భీమునిపట్నం ఆమెది. నిన్ననే ఆనందపురం మీదుగా బస్సులో వచ్చి, చెల్లెలింట్లో పడుకుని, పొద్దున్నే రైలు పట్టుకుందట. మా సంచుల వైపు చూసి ఏ ఊరని అడిగింది. ఉసిరివలస అని సింహాచలం చెప్పగానే తలాడించింది.

"తెలుసు నాయినా. ఆ ఊరు మంచోలే. సేపలు బాగా కొంతారు. గాని అక్కడ నాను దాహమడగను."

"అడిగితే ఇవ్వరా?" అన్నాను.

"ఇత్తారు బాబూ. అదే కదా. అంత దూరం నుంచి మోసుకొచ్చి ఉంచుకున్న నీల్లు నాకు పోసేత్తారు. అందుకే అడగను."

సింహాచలం తలుపులోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

తొమ్మిదింటికి బొడ్డవరలో దిగాం. స్టేషను బయట పాకలో ఇడ్లీలు తిని, టీ తాగి, సంచులు భుజాన వేసుకున్నాం. అక్కడి నుంచి ఉసిరివలసకు బండిబాట. ఆరు మైళ్ళంటారు గానీ, ఎండలో బరువుతో నడిస్తే ఎక్కువే అనిపిస్తుంది. ఎవరైనా వెళ్ళేవాళ్ళుంటే పొద్దున్నే బయల్దేరాలి. మొదటి రెండు మైళ్ళూ చెరకు తోటలూ, వరి మళ్ళూ. తర్వాత జీడిమామిడి తోపులు. ఆపైన రాళ్ళు. మోకాలి లోతు గెడ్డ ఒకటి దాటాలి. మేం దాటుతున్నప్పుడు పైన గేదెలు పడుకుని ఉన్నాయి. దిగువన ఇద్దరు ఆడవాళ్ళు ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో బిందెల్లోకి తోడుకుంటున్నారు. సింహాచలం వాళ్ళను వరసలు పెట్టి పలకరించాడు. నేను వాళ్ళ బిందెల్లోకి చూసి, పైనున్న గేదెల వైపు చూసి, సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాను.

ఊరు చేరేసరికి పన్నెండు దాటింది. నలభై గడపలుంటాయి. సింహాచలం చెల్లెలి పేరు పైడితల్లి. ముప్పై ఏళ్ళు ఉండవచ్చు. పొట్టిగా, గట్టిగా ఉంది. మాకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, చోడి అంబలి, అంటే రాగి జావ, పోసింది. భర్త పనికోసం రాయగడ వైపు వెళ్ళాడట.

అంబలి తాగి నేరుగా పంపు దగ్గరికి వెళ్ళాం. పిడి వేలాడుతోంది. ఊరి పెద్ద సన్యాసినాయుడు నలుగురు మగవాళ్ళను పిలిపించాడు. మూడు వెదురు బొంగులు నిలబెట్టి, గిలక కట్టి, లోపలి గొట్టాలు ఒక్కొక్కటే పైకి లాగాం. నేను ఊహించినట్టే తోలు వాషరు అరిగి పీలికలైపోయింది. నీటిని పైకి లాగే ఇనప కడ్డీ ఒకటి అతుకు దగ్గర విరిగింది. కొత్త దారాలు కోసి, కడ్డీ అతికి, వాషరు మార్చి, మళ్ళీ దించేసరికి సాయంత్రం నాలుగైంది. పిడి ముప్పై సార్లు కొట్టాక పంపు ముక్కులోంచి ఎర్రటి నీళ్ళు దూకాయి. తర్వాత తేటబడ్డాయి. పిల్లలు కేకలు వేశారు. ఎవరో పంపుకు పసుపు రాసి బొట్టు పెట్టారు.

"పట్నం ఫిట్టరంటే అలగుండాలి మరి," అన్నాడు సన్యాసినాయుడు.

నేను లోపల ఉబ్బిపోయాను. ఇంత చిన్న పనికోసం ఒక పిల్ల ప్రాణం పోవాలా అని అప్పటిదాకా ఎవరూ బాగుచేయనందుకు కోపం కూడా వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే లేచి పంపు దగ్గరికి వెళ్ళాను. జనం వరసలో ఉంటారనుకున్నాను. ఒక్కరూ లేరు. ఒక గేదె మాత్రం పంపు కింద గుంటలో నీళ్ళు తాగుతోంది. బాట మీదికి చూస్తే ఆడవాళ్ళు బిందెల మీద బిందెలు పెట్టుకుని గెడ్డవైపు పోతున్నారు. వాళ్ళలో పైడితల్లి కూడా ఉంది.

నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగొచ్చి సింహాచలం మీద విరుచుకుపడ్డాను. "ఉద్యోగం మానుకుని వచ్చి, చేతులు బొబ్బలెక్కేలా పనిచేస్తే ఇదా? మీవాళ్ళకు మంచి నీళ్ళు చేదా?"

అతనికీ ఏమీ తెలియదు. పదిహేనేళ్ళుగా పట్నంలో ఉంటున్నాడు. పైగా ఆ ఊళ్ళో నీళ్ళు తెచ్చేది ఆడవాళ్ళు.

పైడితల్లి నీళ్ళ బిందెలు దించి, నా మాటలు విన్నదో ఏమో, లోపలికి వెళ్ళి ఒక ఇత్తడి గ్లాసు తెచ్చి నా ముందు పెట్టింది. నిన్న సాయంత్రం పంపులోంచి పట్టిన నీళ్ళట. పైన నూనె తెట్టులా ఒక పొర కట్టింది. అడుగున తుప్పురంగు మడ్డి చేరింది.

"తాగి సూడు బాబూ," అంది.

ఒక గుక్క తాగాను. పనిలో చేతులు ఖాళీ లేనప్పుడు మేం రెంచీని పళ్ళతో కరిచి పట్టుకుంటాం. అచ్చం ఆ రుచి. రెండో గుక్క దిగలేదు.

"ఈ నీల్లోసి వొండితే పప్పు ఉడకదు. గంజి ఎర్రగైపోతాది. బాగు సేత్తామని వొచ్చినోలందరూ పంపు ఆడతాందా నేదా అనే సూసినారు బాబూ. మీరు తాగతన్నారా అని ఒక్కులూ అడగనేదు."

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె అన్నవైపు తిరిగింది.

"నువ్వూ అంతే అన్నా. పంపు సెడిపోబట్టి పాప పోనాదని ఊరంతా సెప్పుకుంతన్నావు. పాప పోయిన నాడు పంపు ఆడతానే ఉంది. ఆ తరవాత నెల్లాల్లకి సెడింది."

సింహాచలం అరుగు మీద అలాగే కూలబడ్డాడు. వాకిట్లో కోడి ఒకటి మెతుకులు ఏరుకుంటోంది. నేను పైడితల్లి వైపు తిరిగాను.

"తప్పు నాదేనమ్మా. వచ్చీ రాగానే నిన్ను అడగాల్సింది. ఈ చుట్టుపట్ల మంచి నీళ్ళు ఎక్కడా లేవా?"

"ఎందుకు నేవు? పైన ఊటుంది. పురిటాలికీ జొరమొచ్చినోలికీ అక్కడినుంచే తెత్తాం. ఎల్లి రావడానికి పూట పడతాది బాబూ, రోజూ ఎవులెల్తారు?"

"ఎండాకాలంలో?"

"నాను కాపరానికొచ్చినకాడినుంచీ ఎండనేదు."

అంబలి తాగి ముగ్గురం బయల్దేరాం. ఏటవాలు దారి. ఆమె ముందు నడుస్తూ కొమ్మలు పక్కకు తప్పిస్తోంది. గంటకు పైగా ఎక్కాక, పెద్ద బండ కింద ఫెర్ను మొక్కల మధ్య ఊట కనిపించింది. చప్పుడు లేకుండా రాతి నెరియలోంచి జారుతోంది. దోసిలి పట్టి తాగాను. ఆ చల్లదనం పళ్ళకు తగిలింది. తుప్పు లేదు, మట్టివాసన లేదు. కానీ దిగువన చిన్న మడుగులో పశువుల గిట్టల గుర్తులున్నాయి.

ఒక అరిటి దొప్పను నెరియకు ఆనించి, ఆమె తెచ్చిన బిందెలోకి ధార మళ్ళించాను. నింపాదిగా లెక్కపెట్టాను. పద్ధెనిమిది అనేసరికి బిందె నిండింది. తలెత్తి చూస్తే ఉసిరివలస ఇళ్ళ కప్పులు చాలా కింద, అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి.

అప్పుడు తట్టింది నాకు. ఈ నీళ్ళను ఎవరూ పైకి లాగక్కర్లేదు. ఊరు కింద ఉంది, ఊట పైన ఉంది. గొట్టం వేస్తే వాటంతట అవే దిగుతాయి. పిడి లేదు, వాషరు లేదు, విరగడానికి కడ్డీ లేదు. ఇరవై ఏళ్ళుగా యంత్రాలతో బతుకుతున్నవాణ్ణి, నీళ్ళనగానే యంత్రం గురించే ఆలోచించాను. పైడితల్లికి చెబితే ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"నీల్లు పల్లానికే కదా బాబూ పోతాయి," అంది.

చిక్కు వేరేచోట వచ్చింది. ఊట కింద ఉన్న అరిటి తోట సన్యాసినాయుడిది. ఆ మడుగు నీళ్ళే దానికి ఆధారం. సాయంత్రం అతని అరుగు మీద కూర్చుని విషయం చెప్పాం. నాలుగు పక్కలా కట్టి మూత వేసిన చిన్న తొట్టె కడదామనీ, అందులో నిండి పొర్లిన నీళ్ళు మళ్ళీ తోటకే వదులుదామనీ వివరించాను. అతను చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు.

"ఈయేల తాగడానికంతారు. రేపు మల్లకంతారు. ఎల్లుండి నా తోటెండిపోతాది. పంపు బాగు సేసినావు, అదే పదివేలు. ఎల్లి రా బాబూ."

మూడో రోజు ఖాళీ చేతులతో ఊరు వదిలాం. సాగనంపడానికి పైడితల్లి గెడ్డదాకా వచ్చింది. ఆమెకు ఒక పని అప్పగించాను. వారానికోసారి ఊటకు వెళ్ళి, బిందె ఎంత లెక్కకు నిండుతోందో చూడమన్నాను. ఎండాకాలంలో ధార ఎంత సన్నబడుతుందో తెలియకుండా గొట్టాల గురించి మాట్లాడటం దండగ. "నాయుడుబాబు ఒప్పుకోనప్పుడు లెక్కెందుకు?" అని సింహాచలం విసుక్కున్నాడు. ఆమె మాత్రం సరేనంది.

వర్కుషాపులో ఈ సంగతి చెబితే నలుగురూ చెవినిపెట్టారు. తుక్కు వేలంలో మంచి గొట్టాలు వస్తే కొందామని అందరం తలో చెయ్యీ వేసుకున్నాం. ఊరి నుంచి వచ్చేవాళ్ళ ద్వారా పైడితల్లి లెక్కలు అందుతూనే ఉన్నాయి. సంక్రాంతి దాటాక ఇరవై. శివరాత్రికి ఇరవై మూడు. చైత్రంలో ముప్పై ఒకటి. అక్కడ ఆగింది. వైశాఖంలో కూడా ముప్పై ఒకటే. రాత్రంతా తొట్టెలో నిండితే పొద్దున్నే నలభై గడపలకూ సరిపోతుందని లెక్క తేల్చుకున్నాను. ఆ నెలలోనే ఇంకో కబురు కూడా వచ్చింది. సన్యాసినాయుడు ఒప్పుకున్నాడట.

వారం రోజులు సెలవు పెట్టి మళ్ళీ బయల్దేరాం. ఈసారి రైలు కాదు. వేలంలో కొన్న గొట్టాలతో పాటు లారీలోనే, పొద్దున్నే అయిదింటికి. పెందుర్తిలో టీ, శృంగవరపుకోటలో టిఫిను. బొడ్డవర దగ్గర నాలుగు ఎడ్లబళ్ళు ఎదురుచూస్తున్నాయి. ముందు బండి మీద సన్యాసినాయుడే కూర్చుని ఉన్నాడు. ఎలా మనసు మారిందని దారిలో అడిగాను.

"ఏటి సెప్పమంతావు బాబూ. మా ఇంటిది ఎదురు తిరిగింది. నీ అరిటి సెట్లకి ఊట నీల్లు, నాకు గెడ్డ నీల్లా అంది. ఓపాలి నువ్వెల్లి తే అని కావిడి నా భుజానెట్టింది. మూడ్రోజులు తెచ్చినాను. నాలుగో రోజు మెడ తిరగనేదు." తనే పెద్దగా నవ్వాడు. "యాభై ఏల్లుగా అదే నీల్లు తెత్తాంది. బరువెంతో నానెప్పుడూ ఎత్తి సూడనేదు."

మేం చేరేసరికి ఊరివాళ్ళు గొట్టాలు పూడ్చే కాలువ చాలా వరకు తవ్వేసి ఉంచారు. గొట్టాలను కొండమీదికి ఎక్కించడమే కష్టమైంది. ఒక్కో గొట్టాన్ని ముందొకరూ వెనకొకరూ భుజాన పెట్టుకుని ఎక్కారు. ఆడవాళ్ళు సిమెంటూ ఇసకా తట్టలతో మోశారు. ఊట చుట్టూ రాతితో తొట్టె కట్టి, పైన బండ మూసి, పశువులు రాకుండా ముళ్ళకంచె వేశాం. పొర్లే నీళ్ళకు అరిటి తోటవైపు తూము పెట్టాం. గొట్టాలు కలిపే పని పైడితల్లికీ, ఆమె తోడికోడలికీ నేర్పాను. దారాలకు జనపనార చుట్టడం, అది చెదరకుండా తిప్పడం, ఎక్కడ ఆపాలో చేతికి తెలియడం. మొదటి రోజు తోడికోడలు రెంచీ పట్టుకోవడానికే సిగ్గుపడింది. మూడో రోజుకి, నేను బిగించిన అతుకు వదులుగా ఉందని నాకే చూపించింది.

ఆరో రోజు మధ్యాహ్నం రెండింటికి పైన కవాటం తిప్పి, కింద ఊళ్ళో కుళాయి దగ్గర నిలబడ్డాం. ఊరంతా అక్కడే ఉంది. చాలాసేపు బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత బురద నీళ్ళు ఉమ్మినట్టు పడ్డాయి. తర్వాత సన్నని ధార, ఆపైన లావుపాటి ధార, తేటగా. ఎవరూ అరవలేదు. అందరూ పైడితల్లి వైపు చూశారు. ఆమె చేతులు కడుక్కుని, దోసిలి పట్టి తాగి, "సల్లగున్నాయి," అంది. బిందె పెట్టింది. నిండాక ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాతే మిగతావాళ్ళు కదిలారు.

ఏడో రోజు తెల్లవారాక సన్యాసినాయుడు కబురు పంపాడు. గెడ్డపాయ దాటేచోట అతుకు కారుతోందట. రెంచీల కోసం సంచీ వెతికితే కనపడలేదు. ఉత్త చేతులతోనే పరుగున వెళ్ళాను. వెళ్ళేసరికి తోడికోడళ్ళిద్దరూ నడుముకు కొంగు బిగించుకుని నీళ్ళలో నిలబడి ఉన్నారు. అతుకు విప్పి, నార మార్చి, మళ్ళీ బిగించేశారు. నేను గట్టు మీద నిలబడి చూడటం తప్ప చేసిందేమీ లేదు. పైడితల్లి చెయ్యి పెట్టి అతుకంతా తడిమి, పొడిగా ఉందని తేల్చుకుని, రెంచీ నాకు అందించబోయింది.

"నీ దగ్గరే ఉంచు," అన్నాను.

ఆ ఉదయమే బండి మీద శృంగవరపుకోటకు వచ్చి, పన్నెండున్నరకు విశాఖపట్నం బస్సెక్కాం. బస్సులో జీడిపిక్కల బస్తాలు, పెళ్ళివాళ్ళు, ఒక మేకపిల్ల. నాకు కిటికీ పక్కన చోటు దొరికింది. కొండలు వెనక్కి పోతున్నాయి. బతుకంతా నేను బాగుచేసిన వాటి దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ వెళ్ళాల్సి వచ్చేది. ఇక వెళ్ళక్కర్లేని పని చేసి రావడం ఇదే మొదటిసారి. ఆ తృప్తి గురించి చెబుదామని సింహాచలం వైపు తిరిగాను.

అతను రెండు చేతులూ ముందు సీటు కడ్డీ మీద పెట్టి, తల ఆనించుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. కాదు.

"మన గొట్టాల దారంతా ఎప్పుడూ ఉన్నదే కదా బావ," అన్నాడు తల ఎత్తకుండా. "ఊటా ఉంది, వాలూ ఉంది. పైడితల్లికి తెలుసు. నానొక్కపాలి దాన్ని అడిగుంటే..."

అతని వీపు మీద చెయ్యి వేశాను. అడగనిది అతనొక్కడే కాదు. పెందుర్తి దాటాం. ద్వారకానగర్ కాంప్లెక్సులో బస్సు ఆగేసరికి మూడు దాటింది. అందరూ దిగేదాకా మేమిద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత అతను ముఖం తుడుచుకుని లేచి, పైనుంచి ఖాళీ గోనెసంచులు దించాడు.